అత్త కొట్టుకు వెలిగే తీగ

కాజాలమ్మ సంచీని బల్ల మీద బోర్లించగానే మొగుడు పేపరు పక్కన పడేశాడు. నిమ్మపండు రంగు, నీలం, గులాబీ, పేరు తెలియని పచ్చ ఇంకొకటి. చుట్టలు చుట్టలుగా తీగలు. కాజాలమ్మ అన్నది, చొక్కాలకు కాజాలు కుట్టడంలో ఆమెకు సాటి లేదని వీధి వాళ్ళు పెట్టిన పేరు. పొద్దున్న కుట్టుమిషనుకు మోటారు తెస్తానని వెళ్ళింది.

"మోటారేదీ?"

"కాలితో తొక్కితే మోకాళ్ళకి మంచిదటండీ," అంటూ ఆమె ఒక తీగను బ్యాటరీ పెట్టెకు తగిలించి మీట నొక్కింది.

తీగంతా ఒక్కసారే వెలిగింది. బల్బు లేదు, వేడి లేదు. చెవి దగ్గర దోమ తిరుగుతున్నట్టు సన్నటి రొద మాత్రం ఉంది. ఆమె దాన్ని వేలికి చుట్టుకుంది, టీకప్పు పిడికి చుట్టింది, చివరికి మొగుడి కళ్ళజోడుకూ చుట్టింది. మూరెడు చాలదా అని ఆయన అడిగితే, దుకాణంలో ఒక రంగు తీసుకుంటుంటే ఇంకో రంగు చిన్నబుచ్చుకున్నట్టు అనిపించిందని చెప్పింది. ఇక ఆయన నవ్వాపుకోలేకపోయాడు.

ఇంత హడావుడీ ఎదురు కొట్టావిడ కోసమే. ఒంటి మనిషిగా ఈ వీధికొచ్చి, అత్తర్లు అమ్ముతూ ఇక్కడే ముసలిదైపోయింది. మెట్లెక్కలేక ఆ సాయంత్రమే చెల్లెలి ఊరికి వెళ్ళిపోతోంది. కొట్టు మీద గాజు గొట్టాల దీపాలతో 'అత్తరు' అని పెద్ద బోర్డు ఉండేది. ఎప్పుడో చివరి అక్షరం మాడిపోయి, చీకటి పడితే 'అత్త' అని మాత్రమే వెలిగేది. అలా ఆవిడ వీధిలో పిల్లాపెద్దలందరికీ అత్త అయింది. ఆ బోర్డును నిన్ననే పాత సామాన్లవాడు బండిలో వేసుకుపోయాడు.

కాజాలమ్మకు ఎవరైనా వెళ్ళిపోతుంటే చూడటం చేతకాదు. అన్న ఊరు విడిచిన రోజున పొయ్యి మీద ఏదో మాడుతోందంటూ లోపలికి పరిగెత్తింది. పొయ్యి మీద ఏమీ లేదు. మళ్ళీ బయటికొచ్చేసరికి వీధి ఖాళీగా ఉంది. ఆ తర్వాత ఆ అన్నను చూసిందీ లేదు. ఈసారి గుమ్మంలోనే నిలబడాలనుకుంది. చేతుల్లో ఏదైనా ఉంటే కాళ్ళు లోపలికి లాగవని అట్టముక్కలతో అత్త కొట్టును చిన్న బొమ్మలా కట్టింది. అట్టతో అత్తను కడుతున్నావా అని మొగుడు ఎగతాళి చేశాడు. పూసలతో సీసాలు, గుండీతో బల్ల, తలుపుకు కొక్కెం, అన్నీ కుదిరాయి. దీపం లేకపోవడంతో అది మూసేసిన కొట్టులాగే ఉంది. మూసేసిన కొట్టును మనిషి చేతిలో పెట్టి ఎలా పంపుతారు?

దుకాణదారు చెప్పినట్టు మడత పడకుండా తీగను వంచింది. గుండ్రటి అక్షరాలు కావడంతో తీగ చెప్పిన మాట విన్నది, తలకట్ల దగ్గర మాత్రం మొరాయించింది. అక్షరానికీ అక్షరానికీ మధ్య తీగను అట్ట వెనక్కి దూర్చి, నైలాను దారంతో టాకాలు వేసింది. మీట నొక్కగానే 'అత్తరు' గులాబీ రంగులో భగ్గుమంది. పూసల సీసాలన్నీ మెరిశాయి. కాజాలమ్మ తనకు తనే చప్పట్లు కొట్టుకుంది.

మొగుడు తల వంచి చూశాడు.

"చాలా బాగుంది. ఇంతకీ ఇది ఎవరి కొట్టు?"

ఆమె చప్పట్లు ఆగిపోయాయి. నిజమే. అక్షరాలన్నీ వెలిగే ఈ కొట్టును ఆమె ఎప్పుడూ చూడలేదు. బయట వ్యాను వచ్చి ఆగిన చప్పుడైంది. అత్త పెట్టెలు ఎక్కిస్తున్నారు. చివరి అక్షరం కత్తిరించెయ్యమన్నాడు మొగుడు. కత్తిరిస్తే 'రు' ఉండదు కదా అంది. అది ఉండాలి, కానీ వెలగకూడదు.

నల్లదారం తీసింది. కాజా అంచు కుట్టినంత దగ్గరగా ఆ ఒక్క అక్షరం మీద చుట్టసాగింది. మొగుడు దారపు రీలు పట్టుకుని, వ్యాను తలుపు వేస్తున్నారని, మళ్ళీ తీశారని, ఇంకో సంచీ పెట్టారని కిటికీలోంచి కబురు చెబుతూనే ఉన్నాడు. దారం మాత్రం ఎక్కడా వదులు కాలేదు. చివరి ముడి వేసి, దారం పంటితో కొరికి, కొట్టును ఎత్తుకుని చెప్పులు లేకుండానే వీధిలోకి పరిగెత్తింది.

అత్త అప్పటికే ముందు సీట్లో కూర్చుంది. కాజాలమ్మ కొట్టును ఆవిడ ఒళ్ళో పెట్టి మీట నొక్కింది. 'అత్త' అని వెలిగింది, పక్కన నల్లగా 'రు'. అత్త మొదట పూసల సీసాలను చూసింది, తర్వాత బోర్డును చూసింది. ఒళ్ళంతా కదిలేలా నవ్వి, నల్లదారం మీద వేలు పెట్టింది.

"దీని కింద వెలుగుందా, కోడలు పిల్లా?"

"ఉంది అత్తా. దారం విప్పితే అదీ వెలుగుతుంది."

"విప్పను. బాగుచేసేవాడు వచ్చినప్పుడల్లా టీ ఇచ్చి పంపించేసింది నేనేనే. 'అత్తరు' అని ఉన్నన్నాళ్ళూ కొనేవాళ్ళు మాత్రమే వచ్చారు. ఆ ఒక్క అక్షరం పోయాక మీరంతా వచ్చారు."

వ్యాను కదిలింది. కాజాలమ్మ పక్కనే నడుస్తూ, పడుకునేటప్పుడు మీట ఆపాలని, దోమలా మోగితే కంగారు పడొద్దని, ఇంకో జత బ్యాటరీలు కొట్టు లోపలే పెట్టానని చెబుతూ పోయింది. వ్యాను వేగం అందుకున్నాక నిలబడిపోయింది. గులాబీ వెలుగు మలుపు తిరిగేదాకా కళ్ళు తిప్పుకోలేదు.

వెనక నుంచి మొగుడు ఆమె చెప్పులు పట్టుకొచ్చాడు. మిగిలిన తీగంతా ఏం చేస్తావని అడిగాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని మూలనున్న సైకిలు రిపేరు కొట్టు వైపు చూసింది. "ఆయన బోర్డుకి ఏ రంగు బాగుంటుందంటారు?"