తేనె తినేవాడి అసలు పేరు

పద్మనాభం కనబడకుండా పోయి నలభై నిమిషాలైంది.

పోయింది అడవిలో కాదు, అమెరికాలో ట్రాయ్ అనే ఊరికి గంట దూరంలో ఉన్న మొక్కజొన్న చేలో. అక్టోబర్ వచ్చిందంటే అక్కడి రైతులు నిలువెత్తు చేను మధ్య మెలికలు మెలికలుగా దారులు కొట్టి, టికెట్టు పెట్టి, మనుషుల్ని లోపలికి వదులుతారు. దారి వెతుక్కుని బయటపడటమే ఆట. డెబ్బై నాలుగేళ్ల పద్మనాభానికి ఆ ఆట తెగ నచ్చింది. "మీరిద్దరూ ఇక్కడే కూర్చోండి, పది నిమిషాల్లో అవతల తేలతాను" అని భార్యకీ మనవరాలికీ చెప్పి దూరాడు.

ఫోన్ కారులో ఉంది. బయల్దేరేముందు వేసుకున్న ఇన్సులిన్ ఒంట్లో ఉంది. దానిమీద తినాల్సిన ఇడ్లీల డబ్బా మాత్రం భార్య లీలావతి సంచిలో ఉంది. షుగర్ పడిపోతే ఆయన ఉన్నచోటే కూలిపోతాడు. ఆ ఆకుల్లో పడ్డ మనిషి రెండడుగుల దూరంలో నడిచేవాళ్లకి కూడా కనబడడు.

లీలావతి చేను అంచున నిలబడి, యాభై రెండేళ్లుగా పిలుస్తున్న పిలుపే పిలిచింది.

"ఏమండీ..."

ఆ ఆదివారం చేలో సగం మంది తెలుగువాళ్లే. మూడు వైపుల నుంచి మూడు మగగొంతులు "ఆఁ, వస్తున్నా" అన్నాయి. ముగ్గురూ బయటికొచ్చి, ఈవిడని చూసి, తమ భార్యల్ని వెతుక్కుంటూ వెళ్లిపోయారు. పదహారేళ్ల నైనిక "తాతయ్యా" అని అరిస్తే ఐదుగురు తాతయ్యలు పలికారు.

నైనిక పరుగున వెళ్లి చేను యజమానురాల్ని పట్టుకొచ్చింది. ఆవిడ పేరు హలీనా, డెబ్బై దాటిన పోలిష్ మనిషి. పనివాళ్లని నలుమూలలా లోపలికి పంపి, చేను పక్కనున్న మంచె మీదికి ఇద్దర్నీ ఎక్కించి, మైకు ఆన్ చేసింది.

"పాడ్మనాబామ్... పాడ్మనాబామ్..." నైనిక నాలుగుసార్లు పిలిచింది. ఎవరూ రాలేదు.

"నానమ్మా, నాకు సరిగ్గా రాదు. మై యాక్సెంట్ ఈజ్ హారిబుల్. నీ వాయిస్ తాతయ్యకి తెలుసు కదా, నువ్వు చెప్పు."

లీలావతి ఒకడుగు వెనక్కి వేసింది. "నేను పలకకూడదే. భర్త పేరు ఎత్తితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది. అదీ ఇవాళ ఎత్తమంటావా?"

"ఎప్పుడూ చెప్పలేదా? నాట్ ఈవెన్ వన్స్?"

"పెళ్లయిన రోజు గుమ్మంలో నిలబెట్టి చెప్పించారు. గొణిగాను."

నైనిక ఆ మాట హలీనాకి ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ నవ్వలేదు.

"మా పెద్దవాళ్లూ అంతే" అంది. "వెనకటి కాలంలో అడవికెళ్లేవాళ్లు ఎలుగుబంటి పేరు ఎత్తేవారు కాదట, ఎత్తితే వచ్చి మీద పడుతుందని. తేనె తినేవాడు అనేవారు. రష్యన్‌లో మెద్‌వేద్. మా ఆయనది సెర్బియా, వాళ్లకీ మెద్‌వెద్. మా పోలిష్ నోట్లో నలిగి నెడ్జ్‌వెచ్ అయింది. అన్నీ ఒకటే మాట. మెద్ అంటే తేనె."

నైనిక తెలుగులోకి మార్చేలోపే లీలావతి "మధువు" అంది. తర్వాత అడిగించింది. "మరి దాని అసలు పేరేమిటట?"

"మాకెవరికీ తెలీదు" అంది హలీనా. "భయపడి భయపడి వందల ఏళ్లు ఎవరూ పలకలేదు. పేరే పోయింది."

లీలావతి చేను వైపు చూసింది. ఎండుటాకుల గలగల తప్ప మనిషి అలికిడి లేదు. ఆయన్ని పేరు పెట్టి పిలిచిన అత్తగారు పోయింది, బావగారు పోయాడు. ఆఫీసులో రావుగారు, ఇంట్లో నాన్న, తాతయ్య. ఆ పేరు పలికే నోరు ఇంకెక్కడుంది?

మైకు అందుకుంది.

"పద్మనాభం గారూ..." రెండోసారి గట్టిగా అరిచింది. ఆ అరుపులో 'గారు' జారిపోయింది. "పద్మనాభం..."

తూర్పు మూల ఒక కంకి ఊగింది. ఆ వైపు గాలి లేదు. కంకి పక్కనుంచి ఒక చెయ్యి లేచింది.

పనివాళ్లు పరుగెత్తారు. పది నిమిషాల్లో ఆయన్ని భుజాల మీద ఆనించుకుని తెచ్చారు. చొక్కా చెమటతో తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. హలీనా ఇచ్చిన ఆపిల్ రసం సగం గ్లాసు లోపలికి పోయాక మొహంలోకి కళ వచ్చింది.

"నేను ఎన్నిసార్లు పిలిచాను తాతయ్యా, వై డిడింట్ యూ ఆన్సర్?"

"నన్నేనా? ఎవరి తాలూకు ముసలాయనో తప్పిపోయాడు పాపం అనుకుంటూ కూర్చున్నానమ్మా." ఆయన భార్య వైపు తిరిగాడు. "తర్వాత అరిచింది నువ్వేనా?"

"ఇంకెవరికుంది ఆ ఖర్మ?"

"మరి నా ఆయుష్షో?"

"తక్కువపడితే నా దాంట్లోంచి ఇస్తాను లెండి. ముందు ఆ గ్లాసు ఖాళీ చెయ్యండి."

ఖాళీ చేశాడు. లీలావతి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. అందరూ చూస్తున్నారు వదలమన్నాడు. కారు దాకా వదల్లేదు.