మనిషి అక్కర్లేని గది

తను పనిచేసే కంపెనీ సర్వర్ గదిలో మరిదికి ఉద్యోగం వేయించింది ఆమే. పెద్ద పనేం కాదు. మెషీన్ మొరాయించినప్పుడు హెడ్డాఫీసు నుంచి ఫోన్ వస్తుంది. స్క్రీన్ మీద ఏం పడిందో చదివి చెప్పాలి, వాళ్లు నొక్కమన్న కీ నొక్కాలి. ఇంట్లో అందరూ పనికిమాలినవాడని తీసిపారేసినవాడు ఆ గదిలో కుదురుకున్నాడు.

ఇప్పుడా పని లేకుండా చెయ్యమని ఆమెనే పంపారు.

ఆమెను చూడగానే మరిది కుర్చీ తెచ్చి వేశాడు. "వస్తున్నట్టు పొద్దున చెప్పనేలేదే వదినా."

"చిన్న సెట్టింగే. ఇట్టే అయిపోతుంది," అందామె, అతని మొహం చూడకుండా.

సర్వర్ వెనక సీరియల్ పోర్టుకి కేబుల్ బిగించి, రెండో కొసను పక్కనున్న పెట్టెలో గుచ్చింది. ఆ పెట్టె నుంచి హెడ్డాఫీసుకి లైనుంది. మెషీన్ని రీస్టార్ట్ చేసి సెట్టింగుల్లోకి వెళ్లి, స్క్రీన్ మీద పడేదంతా ఆ పోర్టు గుండా బయటికి పంపేలా, అక్కడ నొక్కిన కీ ఇక్కడ పనిచేసేలా కన్సోల్ రీడైరెక్షన్ ఆన్ చేసింది.

"ఏమిటమ్మా, ఇక్కడంతా పిచ్చి గీతలు పడుతున్నాయి," అన్నాడు హెడ్డాఫీసు మేనేజరు, స్పీకర్లో పెట్టిన ఫోన్లోంచి.

సర్వర్ అక్షరాలు పంపే వేగం, పెట్టె అందుకునే వేగం కలవలేదు. ఇక్కడొకటి, అక్కడొకటి. మార్చడం చిటికెలో పని. అయినా ఆమె చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. పోర్టు పాడైందని చెబితే? నాలుగు రోజులు గడుస్తాయి. ఆ తర్వాత ఇంకొకణ్ణి పంపుతారు. వాడు వచ్చీ రాగానే సంగతి కనిపెడతాడు.

"చూస్తానుండండి," అని ఫోన్ పెట్టేసింది.

"అక్కడే కనబడితే ఇక నన్ను అడగక్కర్లేదు కదా," అన్నాడు మరిది వెనకనుంచి.

ఆమె కేబుల్ని మరోసారి బిగించింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"పోయిన వారం చెప్పారు."

"రోజూ పక్కపక్కనే కూర్చుని తింటున్నాం వదినా."

గొంతు పెంచకుండా అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

"కానియ్యి," అన్నాడు మరిది. "నువ్వు చెయ్యకపోతే నీ ఉద్యోగానికీ ఎసరొస్తుంది. ఇద్దరం ఇంట్లో కూర్చుంటే అన్నయ్య ఒక్కడూ ఏం ఈదుకొస్తాడు?"

ఆమె వేగం సరిచేసి, మళ్లీ రీస్టార్ట్ కొట్టింది. ఈసారి మేనేజరే ఫోన్ చేశాడు. ఆమె మళ్లీ స్పీకర్లో పెట్టింది.

"ఇప్పుడు శుభ్రంగా కనబడుతోంది. మీ మరిదిని నెలాఖరుకి గది తాళాలు అప్పజెప్పమనండి. మీరే చెబితే బాగుంటుంది, ఇంటివాళ్లు కదా."

ఫోన్ స్పీకర్లోనే ఉంది. ఆమె చెప్పాల్సిన అవసరం రాలేదు.

తాళాలు ఇచ్చేశాక మరిది పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్లిపోయాడు. కోడలు వంటింట్లోకి వస్తే అత్తగారు లేచి అవతలికి పోయేది. అప్పుడప్పుడూ అతని దగ్గర్నుంచి భర్తకి ఫోన్ వస్తుంది. భర్త మెట్ల మీదికి వెళ్లి మాట్లాడి వస్తాడు.

"ఎలా ఉన్నాడు?" అని అడుగుతుంది ఆమె.

"ఉన్నాడు," అంటాడు భర్త. ఏం పని చేస్తున్నాడో మాత్రం చెప్పడు.