ఎండు పద్నాలుగణాలు, మెత్తన పదణాలు

ప్రసూన నోరు విప్పదని బడంతా పేరు. పదో తరగతికి వచ్చింది కానీ, హాజరు పిలిస్తే ఇప్పటికీ చెయ్యెత్తుతుందే తప్ప గొంతెత్తదు. అడగాలనుకున్నవన్నీ డైరీలోకి పోతాయి. వాళ్ల నాయనకు ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన పాత డైరీ అది. అందులో తేదీలు ఏ ఏడాదివో, రాతలు మాత్రం ఈ ఏడాదివి.

ఫిబ్రవరి మొదట్లో లెక్కల రాజ్యశ్రీ టీచర్ సమితుల పాఠం మళ్లీ ఒకసారి చెప్పింది. ఒక వస్తువు సమితిలో ఉంటుంది, లేదంటే ఉండదు, నడుమ వేలాడటం కుదరదు అంది. పొడుగు పిల్లలందరినీ ఒక సమితి అనలేమట, ఎంతుంటే పొడుగో ఎవరూ తేల్చలేరు కాబట్టి. ప్రసూన పక్కనే కూర్చునే హేమ్లిని చూసి, తనను తాను చూసుకుని, ఆ రాత్రి డైరీలో రాసుకుంది: "హేమ్లి పొడుగు. నేను పొట్టి కాదు, పొడుగూ కాదు. నేనెక్కడ నిలబడాలి?"

మర్నాడు ఇంటి లెక్కల పుస్తకాలతో పాటు ఆ డైరీ కూడా టీచరు బల్ల మీదికి పోయింది. రెండింటికీ ఒకే రంగు అట్ట ఉండటమే అందుకు కారణం. ప్రసూనకు ఆ సంగతి తెలిసేసరికి టీచరు దాన్ని తెరవనే తెరిచింది.

టీచరు ఆమెను పిలిచి డైరీ మూసి చేతికిచ్చింది. "ఒక్క పేజీనే చూసిన, మిగతావి నీవి. కానీ గీ ప్రశ్న క్లాసుల ఎందుకు అడగలేదే?"

ప్రసూన డైరీని సంచిలో అడుక్కి తోసింది.

"నీ ప్రశ్న కోసం వేరే లెక్కే ఉంది. ఫజీ సెట్ అంటరు. దాంట్ల ఉన్నావా లేవా అని అడగరు. ఎంత ఉన్నవ్ అని అడుగుతరు. అస్సలు లేకుంటే సున్నా, పూర్తిగా ఉంటే ఒకటి, నడుమ పావు, అర, ముప్పావు ఎన్నైనా ఉండొచ్చు. నువ్వు పొడుగోళ్లల్ల సగం ఉన్నవ్ అనుకో." టీచరు కిటికీలోంచి గోదారి ఉన్న దిక్కు చూపించింది. "భద్రాచలం కాడ నీళ్లు నలభై మూడడుగులొస్తే మొదటి హెచ్చరిక. మరి నలభై రెండడుగుల పదకొండంగుళాలప్పుడు గట్టు మీది మనుషులు గురక పెట్టి పండుకుంటరా?"

ప్రసూన నవ్వాపుకుని తల అడ్డంగా ఊపింది.

"గదీ సంగతి. హెచ్చరిక ఒక్కసారే వస్తది, భయం అంగుళం అంగుళం పెరుగుతది. ఈ నెలాఖరున సైన్స్ దినానికి భద్రాచలంలో ప్రదర్శనుంది. మీ ఇంట్ల ఏదుంటే దాంతోనే గీ లెక్క చేసి చూపెట్టు. బడి ల్యాప్‌టాప్ ఇస్త. ఒక్క షరతు, చేసినోళ్లే చెప్పాలె. మంచిగ చెప్పినోళ్లదే పెద్ద ప్రదర్శనకు ఖమ్మం పోతది."

ఖమ్మం. ఏటా వాళ్ల మిర్చి బస్తాలు లారీ ఎక్కి ఖమ్మం పోతాయి. ప్రసూన మాత్రం ఒక్కసారీ పోలేదు. ఆ ఊరు చూడాలని ఎంత ఆశో, నలుగురి ముందు మాట్లాడాలంటే అంత వణుకు.

ఇంట్లో ఉన్నదల్లా మిర్చే. సారపాక దాటి అడవి అంచున వాళ్ల ఊరు. మాఘమాసం వచ్చిందంటే ఊరి చుట్టూ కల్లాలన్నీ ఎర్ర దుప్పట్లు పరిచినట్టు ఉంటాయి. ఆ కల్లాలన్నిటికీ పెద్ద దిక్కు ప్రసూన నాయనమ్మ మంగమ్మ. కాయలను బస్తాలకు ఎప్పుడు ఎత్తాలో ఆమే చెప్పాలి. గుప్పెడు కాయలు తీసుకుని చెవి దగ్గర ఆడిస్తుంది, గింజల గలగల వింటుంది, పిడికిట్లో నొక్కుతుంది, ఆపైన తీర్పు చెబుతుంది. ఆ తీర్పు అణాల్లో ఉంటుంది. రూపాయికి పదహారణాలుండే కాలం మంగమ్మ వాళ్ల అమ్మతోనే పోయింది, ఆ మాట మాత్రం మంగమ్మ నాలుక మీద మిగిలింది. పూర్తిగా ఎండితే పదహారణాలు, సగం ఎండితే ఎనిమిదణాలు.

ప్రసూన మొదట నాయనమ్మను అడగలేదు. వ్యవసాయాఫీసు నుంచి టీచరు అడిగి తెచ్చిన తేమ మీటరు పట్టుకుని, తేమ నూటికి పన్నెండు లోపుంటే "ఎండింది", దాటితే "ఎండలేదు" అని ల్యాప్‌టాప్‌లో రాసుకుంది. ఒకే టార్పాలిన్ పట్టా మీది కాయలు రెండు గుప్పిళ్లు తీసి చూసింది. ఒకటి పదకొండు పాయింట్ తొమ్మిది, ఇంకోటి పన్నెండు పాయింట్ ఒకటి. మొదటిది ఎండింది. రెండోది ఎండలేదు.

మంగమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఒక్కటే చెట్టు, ఒక్కటే పట్టా, ఒక్కటే ఎండ. ఒగటి బస్తాలకు, ఒగటి మళ్ల ఎండకా? అత్తగారింట్ల కూడ గింత ఎడం చూపరే!"

అప్పుడు వెలిగింది ప్రసూనకు. టీచరు చెప్పిన సున్నాకీ ఒకటికీ నడుమ ఉన్న లెక్క కల్లంలోనే నడుస్తోంది, అణాల్లో. గీత గీయడం మానేసి వాలు కట్టింది. తేమ పది ఉంటే ఎండు పదహారణాలు, పద్దెనిమిది ఉంటే సున్నా, నడుమ ఒక్కో అంకెకు రెండేసి అణాలు తగ్గుతాయి.

"ఎండు ఒక్కటే చూస్తే సాలదు బిడ్డా," అంది మంగమ్మ. "మెత్తన కూడ ఉండాలె. బస్తాల దిగి కాళ్లతోని తొక్కుతం కద? మెత్తన లేకుంటే కాయ పిండి పిండైతది. గందుకే మధ్యాన్నం కట్టం. తెల్లారి మంచు పట్టినంక కడ్తం."

"రెండిట్ల దేన్ని చూడాలె నాయనమ్మా?" ఇంట్లో ప్రసూన గొంతుకు లోటు లేదు.

"బండికి రెండెడ్లు ఉన్నయనుకో. మెల్లగ నడిసే ఎద్దు ఎట్ల నడుస్తదో బండి గట్లనే పోతది. ఎండెంత, మెత్తనెంత? ఏది తక్కువైతే దాని మాటే వినాలె. పదణాలకు తగ్గకుంటే కట్టొచ్చు."

ప్రసూన అది కూడా రాసుకుంది. మెత్తనను కొలవడానికి దారి తనే కనిపెట్టింది. పది కాయలు పిడికిట్లో నొక్కితే ఎన్ని పగలకుండా మిగిలాయో లెక్కపెట్టాలి. పదీ మిగిలితే పదహారణాలు, ఐదు మిగిలితే ఎనిమిది. నడుమ చిల్లర వస్తే దగ్గరి అణా రాసుకోవాలి.

రెండు వారాలు పొద్దునొకసారి, మధ్యాహ్నం ఒకసారి తన కొలతలు, నాయనమ్మ చెప్పిన అణాలు రాసి ల్యాప్‌టాప్‌లో వేసింది. చిత్రమేమంటే ల్యాప్‌టాప్ ఒక్కరోజూ "కట్టొచ్చు" అనలేదు. కళ్ల ముందు నాయనమ్మ మూడు కల్లాల్లో కట్టించేసింది, ఆ బస్తాల్లో ఒక్క కాయ చెడలేదు. ల్యాప్‌టాప్ మాత్రం "ఆగాలి, ఆగాలి" అంటూనే ఉంది.

ప్రదర్శనకు మూడు రోజులుందనగా మంగమ్మ ప్రసూన అంకెలు రాసిన కాగితం ముందు కూర్చుంది. అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. "నిన్న తెల్లారి నేను ఎండు పద్నాలుగు, మెత్తన పది అన్న. గీడ తొమ్మిది, ఏడు అని ఉన్నయేందే?"

"పద్నాలుగూ పదీ కలిపితే ఇరవై నాలుగైతది నాయనమ్మా. రూపాయికి పదహారే కద. గందుకే రెండింటినీ తగ్గించి పదహారుకు సరిచేసిన."

"దిద్దినవా? నా మాట దిద్దినవా?" మంగమ్మ నొసలు కొట్టుకుంది. "ఓసి నా తల్లీ, రెండూ ఒక్క రూపాయేనా? ఎండుదో రూపాయి, మెత్తనదో రూపాయి. దేని రూపాయి దానిది. ఎండు పెరిగిందని మెత్తన ఆస్తి పంచియ్యాల్నా ఏంది?"

ప్రసూన కాగితం లాక్కుని మళ్లీ లెక్క చూసింది. ఒకే రూపాయిని ఇద్దరికి పంచితే తక్కువ వాటాకు ఎనిమిదణాలు దాటవు. పది ఎన్నటికీ రాదు. తరగతిలో లెక్కల్లో ఫస్టు వచ్చే పిల్ల, కూడికను సరి చేయబోయి లెక్కంతా చెడగొట్టింది. దిద్దుబాట్లన్నీ తీసేసి నాయనమ్మ చెప్పిన అంకెలను ఉన్నవి ఉన్నట్టు వేసింది. ల్యాప్‌టాప్ టక్కున "పదణాలు, కట్టొచ్చు" అంది. ప్రసూన కల్లంలో చిందులేసింది, నాలుగు కాయలు తొక్కింది, తిట్లు తిన్నది.

ప్రదర్శన నాడు ఆధార్ కార్డులు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లు తీసుకుని నాయనమ్మ, మనవరాలు, హేమ్లి బస్సెక్కారు. వంతెన మీద మంగమ్మ రాములవారి దిక్కు దండం పెట్టి, ఒళ్లోని మూట సర్దుకుంది. మూటలో పొద్దున కల్లంలో తీసిన మిర్చి ఉంది. దారిలో నలగకుండా దానికి తడిగుడ్డ చుట్టింది. హేమ్లి ఒళ్లో ఆమె ప్రదర్శనకు చేసిన, మూడు హెచ్చరికలకు మూడు బల్బులు పెట్టిన గోదారి బొమ్మ ఉంది.

"నువ్ మాట్లాడకుంటే నీ మాటలు కూడ నేనే మాట్లాడత తియ్యే," అంది హేమ్లి.

"చేసినోళ్లే చెప్పాలంట," అంది ప్రసూన గొణుగుతూ.

హాలునిండా బల్లలు, పైన గిరగిరా తిరిగే ఫ్యాన్లు. ప్రసూన తన బల్ల మీద పళ్లెంలో మూటలోని సగం మిర్చి పోసి, మీటరు, ల్యాప్‌టాప్ పెట్టి, చార్టు తగిలించింది. మంగమ్మ వెనక స్టూలు మీద మిగతా మూట పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి న్యాయనిర్ణేత వచ్చాడు. ఖమ్మం కాలేజీ నుంచి వచ్చిన ఆయన పేరు ఉదయ్ భాస్కర్. చార్టు చదివి కనుబొమలు ఎత్తాడు.

"ఎండు పద్నాలుగు, మెత్తన పది. మొత్తం ఇరవై నాలుగు. రూపాయికి పదహారే కదమ్మా, ఎక్కడో తప్పు పడ్డట్టుంది?"

ప్రసూనకు జవాబు తెలుసు. కానీ చార్టు మీది రెండు అంకెల మీద వేలు మాత్రం పెట్టింది. రాజ్యశ్రీ టీచర్ దూరం నుంచి చూస్తోంది. హేమ్లి పక్క బల్ల నుంచి సైగలు చేస్తోంది. ఆయన చేతిలోని కాగితంలో ఒక ప్రశ్న ఉంది: విద్యార్థి వివరించగలిగారా? దాని కింద రెండు గళ్లు, అవును, కాదు. పెన్ను "కాదు" వైపు జరిగింది.

"తప్పేం లేదు సారూ!" మంగమ్మ ఉండబట్టలేక లేచింది.

"మీరెవరమ్మా?"

"నేనే అసలు మీటర్ని."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనకూ సరదా పుట్టింది. "అయితే పోటీ పెడదాం. నేను పళ్లెంలోవి ఈ అమ్మాయికి ఇస్తాను. మీరు కూడా చూసి చెప్పండి."

ప్రసూనకు మాటలు రాకున్నా చేతులు పనిచేశాయి. మీటరు పదకొండు చూపింది. పది కాయలు నొక్కితే నాలుగే మిగిలాయి. ల్యాప్‌టాప్ మీద ఎండు పద్నాలుగు, మెత్తన ఆరు, "ఆగాలి" అని వచ్చింది. అదే సమయానికి మంగమ్మ తన మూట విప్పి గుప్పెడు కాయలు నొక్కి ప్రకటించింది. "ఎండు పద్నాలుగు, మెత్తన పది. కట్టొచ్చు! నీ డబ్బా తప్పే పిల్లా."

"నా డబ్బా తప్పు కాదు!"

ఆ మాట హాలు చివరిదాకా వినపడింది. అన్నది ఎవరా అని హేమ్లి కూడా వెనక్కి తిరిగి చూసింది.

"నువ్వు చూసినవి తడిగుడ్డలవి నాయనమ్మా! సారు ఇచ్చినవి పొద్దటి సంది ఫ్యాన్ కింద ఉన్నయ్. ఎండు రెండిట్ల ఒక్కతీరే, మెత్తన గీడ ఆరుకు పడ్డది. ఏది తక్కువైతే దాని మాటే వినాలని నువ్వే కద చెప్పినవ్?"

"నేనెప్పుడు చెప్పిన?"

"చెప్పినవ్! బండీ ఎడ్లూ అని చెప్పినవ్! గిప్పుడు మాట మారుస్తున్నవా? ఏవీ, పళ్లెంలవి నొక్కి చూడు!"

మంగమ్మ పళ్లెంలోంచి గుప్పెడు తీసి నొక్కింది. కాయలు పటపట పగిలాయి. ఇంకోసారి నొక్కింది. "ఆరే," అంది చిన్నగా. వెంటనే, "పోనీ ఏడు వేస్కో," అని బేరమాడింది.

"ఆరే!"

"ఇంతకీ ఆ పదహారు సంగతి?" ఆయన నవ్వుతూ అడిగాడు.

"రెండు రూపాయలు సార్, ఒక్కటి కాదు," ప్రసూన నాయనమ్మ మీది ఊపులోనే ఆయన వైపు తిరిగింది. "ఎండు ఒక సమితి, మెత్తన ఒక సమితి. ఒక్క కాయ రెండిట్లనూ ఉండొచ్చు, దేంట్ల ఎంతో అంత. నేను ఒక్క రూపాయినే ఇద్దరికి పంచిన, అందుకే రెండు వారాలు ల్యాప్‌టాప్ ఆగు ఆగు అన్నది. రెండూ కావాలంటే తక్కువదాన్ని తీసుకోవాలి. ఏదో ఒకటి చాలంటే ఎక్కువదాన్ని. మబ్బు గానీ గాలి గానీ వస్తే పట్టా కప్పాలె కద సార్, అప్పుడు ఏది ఎక్కువుంటే దానికే భయపడాలె..." అంటూ ఇంకా చెప్పబోయి, చుట్టూ మూగిన ముప్పైమందిని చూసి చటుక్కున ఆగింది. చెవులు మిర్చి రంగుకు తిరిగాయి.

ఉదయ్ భాస్కర్ కాగితం వైపు చూసుకున్నాడు. "ఇక్కడ అవును, కాదు అని రెండే గళ్లున్నాయి. పన్నెండణాలు అని ఎక్కడ రాయాలి?"

"పద్నాలుగెయ్ సారూ," అంది మంగమ్మ. "మొదట్ల కొంచెం ఆగింది, గంతే."

సాయంత్రం ఖమ్మం పోయే వాటి పేర్లు చదివారు. మూడో పేరు ప్రసూనది. రాజ్యశ్రీ టీచర్ ఆమె జడ పట్టుకుని ఒకసారి లాగింది.

తిరుగు బస్సులో మంగమ్మ అడిగింది. "భయమైందానే?"

"అయింది. పద్నాలుగణాలు."

"మరి గంత గట్టిగ ఎట్ల మాట్లాడినవ్?"

"ధైర్యం కూడ పదణాలు ఉండె."

"ఇరవై నాలుగాయె," అంది మంగమ్మ ముసిముసిగా నవ్వుతూ. "దిద్దుతవా?"

"దిద్ద."

డైరీలో కూడా ఆ రెండు అంకెలే రాసుకుంది. కింద గీత గీయలేదు, కూడలేదు.

మర్నాడు తెల్లవారుజామున కల్లం మీద మంచు పల్చగా దిగింది. ప్రసూన మీటరు చూసింది, పదకొండే ఉంది. పది కాయలు నొక్కింది. ఆరు మిగిలాయి, అంటే పదణాలు. నాయనమ్మ వైపు చూస్తే, ఆమె వక్క నములుతూ నువ్వే చెప్పు అన్నట్టు గడ్డం ఎగరేసింది. పక్క కల్లాల్లో ఆడవాళ్లు గోనెలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

ప్రసూన గట్టు ఎక్కి, రెండు చేతులూ నోటికి దొప్పలా పెట్టి అరిచింది.

"రాండ్రి! కట్టొచ్చు!"