మర్యాద మట్టి

నగ్వా గీసిన పటమంతా ఎర్రగా ఉంది, ఒక్క సందు తప్ప. కైరో ఉత్తర శివారులో మూతపడ్డ సీసం కార్ఖానా చుట్టూ అన్నీ ఎర్ర గళ్లే. కార్ఖానా గోడకు ఆనుకునే ఉన్న సందు మాత్రం పచ్చగా నిగనిగలాడుతోంది. అక్కడ కిలో మట్టికి ఇరవై మిల్లీగ్రాముల సీసం, పక్క సందులో రెండు వేలు. గాలికి ఆ సందంటే భయమో భక్తో మరి, దుమ్మంతా దాటించి తీసుకుపోయింది.

గురువారానికి పటం సర్కారు ఆఫీసుకు చేరాలి. ఎర్ర గళ్లలో పాత మట్టి తవ్వి ఎత్తిపోస్తారు. పచ్చ గళ్ల వైపు ఒక్కడూ తొంగిచూడడు.

బుధవారం మధ్యాహ్నం నగ్వా మళ్లీ ఆ సందుకు వెళ్లింది. మొదటిసారి నియమం ప్రకారం రెండు రోజుల ముందే కబురు పంపింది. ఆ నియమం రాసిన మహానుభావుడికి ఆ సందులో ఉండే ఉమ్మ్ వగ్దీ సంగతి తెలియదు. ఈసారి నగ్వా కబురు పంపలేదు.

తలుపు తీసిన ఉమ్మ్ వగ్దీ లబోదిబోమంది. "అయ్యో నా తల్లీ! చెప్పాపెట్టకుండా వస్తే ఎలాగమ్మా? ఇల్లు చూడు ఎలా ఉందో, నన్ను చూడు ఎలా ఉన్నానో!"

"మట్టి కోసమే వచ్చానత్తా. పది నిమిషాల పని."

"ఈ మట్టా? ఛీ ఛీ, ముట్టుకోకు! రేపు రా, మా తమ్ముడిచేత తెప్పిస్తాను."

"ఎక్కణ్ణుంచి?"

"మొన్న తెప్పించిన చోటి నుంచే. ఊళ్లో వాడి పొలం మట్టి, వెన్ననుకో. రెండుసార్లు జల్లించి పరిచాను. సందులో ఇంటికో గంప పట్టుకెళ్లారు. యూనివర్సిటీ నుంచి డాక్టరమ్మ ఇంటికొచ్చి మట్టి అడిగితే, కోళ్లు తిరిగేది పెడతామా? మా పరువేం కాను!"

ఆ రోజు మట్టి ఎంత మెత్తగా ఉందోనని మెచ్చుకున్నది నగ్వానే. ఉమ్మ్ వగ్దీ మురిసిపోయి సంచిలో ఇంకో గరిటెడు వేసింది కూడా.

"ఆ మట్టి ఇప్పుడేదీ?"

"మేడమీద పూలకుండీల్లో పోశాను. అంత మంచిది పారేస్తామా?"

పెరట్లో ఆకుకూర మడి పక్కన నగ్వా సీసం కొలిచే యంత్రాన్ని నేలకు ఆనించింది. మడిలో ఉమ్మ్ వగ్దీ మనవరాలు, నాలుగేళ్ల నెస్మా, గర్గీర్ ఆకు పీకి గౌనుకు తుడుచుకుని నములుతోంది.

"ఎంతొచ్చిందమ్మా?"

"నాలుగు వేల మూడు వందలు."

"పక్క సందు వాళ్లకి?"

"రెండు వేలు."

ఉమ్మ్ వగ్దీ మొహం వెలిగిపోయింది. "చూశావా మరి!" అంది.

నెస్మా ఒక ఆకుల కట్ట పట్టుకొచ్చి నగ్వా చేతిలో పెట్టింది. ఆ సందులో పెట్టింది కాదనడమంటే మొహం మీద కొట్టడమే. నగ్వా దాన్ని కింద పడేసింది. పిల్ల చేతిలోదీ లాక్కుంది. నోట్లో వేలు పెట్టి నమిలిన ఆకు బయటికి తీసింది. పిల్ల గుక్కపట్టింది.

"ఇదేం పనమ్మా! పసిదాని నోటి దగ్గరది లాక్కుంటావా?"

"అత్తా, ఆ అంకె సీసానిది. విషం. పిల్లల బుర్రని తినేస్తుంది. ఈ మడిలోది దీనికి ఎన్నాళ్ల నుంచి పెడుతున్నారు?"

ఉమ్మ్ వగ్దీ మడి వంక చూసింది, పిల్ల వంక చూసింది.

"మంచి మట్టంతా నీకు పెట్టానే తల్లీ," అంది.

నగ్వా అక్కడే నిలబడి పటంలో ఆ సందు గడిని ఎర్రగా మార్చింది. నెస్మా కింద పడ్డ ఆకుల కోసం ఇంకా ఏడుస్తూనే ఉంది.