ప్లైవుడ్ కవచం

నేను ఒక ఉభయచర సైనిక వాహనాన్ని. అంటే ఎనిమిది చక్రాల మీద నేలపై పరుగెత్తి, అలాగే చెరువులోకి దిగి, లోపలున్న సైనికులను తడవకుండా అవతలి గట్టుకు చేర్చాల్సిన ఉక్కు బండిని. ఇలా చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నన్ను పుట్టించింది భానుమూర్తిగారు. హైదరాబాదు శివారులోని ఒక కర్మాగారంలో ఆయన ప్రధాన డిజైనరు. మొదట నా ఒళ్లు తేలిగ్గా ఉండేలా గీశారు. నీళ్లలోకి దిగిన తొలిరోజు బాతులా తేలాను. ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని నీళ్లలోకి వచ్చి నా ముక్కు నిమిరారు. ఆ చేతిని నమ్మాను.

తర్వాత సైన్యం నుంచి పెద్దలు వచ్చారు. ఒకాయన పక్కల మందం చాలదన్నారు. ఇంకొకాయన కింద మందుపాతర పేలితే ఎలా అన్నారు. మరొకాయనకు నా నెత్తిన పెద్ద తుపాకీ కావాలనిపించింది. ఏ కోరికా తప్పు కాదు, అన్నీ నా ఒక్క ఒంటి మీదే తీరాలనడమే తప్పు. "ఇంత బరువైతే తేలదండీ" అని ఒక్క మాట అనాల్సిన భానుమూర్తిగారు ప్రతిసారీ తలూపారు.

ఆ పెద్దల ముందు నన్ను నీళ్లలో తేల్చి చూపించే ప్రదర్శన దగ్గరపడింది. నా డ్రైవరు పోశెట్టి సెలవు మీద నిజామాబాదు వెళ్లిన సమయం చూసి భానుమూర్తిగారు నా ఉక్కు పలకలు విప్పించి, వాటి చోట ప్లైవుడ్ బిగించి ఆకుపచ్చ రంగు వేయించారు. పోశెట్టికి చెప్పలేదు. అతను తిరిగొచ్చి ప్రతి చక్రం కింద నిమ్మకాయ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నన్ను చెరువులోకి దింపాడు. తేలాను. గట్టు మీద ఒకటే చప్పట్లు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

"గింత ఇనుముతోటి తేలినవంటే నువ్వు మామూలుదానివి కాదే!" అని మురిసిపోయాడు పోశెట్టి.

అతిథులు వెళ్లిన రాత్రే, పోశెట్టి లేనప్పుడు, ఉక్కు పలకలు మళ్లీ ఎక్కాయి. కొద్దిరోజులకే ఆ పెద్దలు మరికొందరిని వెంటబెట్టుకుని చెప్పాపెట్టకుండా దిగారు. మళ్లీ చూస్తామన్నారు. పోశెట్టి నా అడుగున నీళ్లు వదిలే రంధ్రాలకు మూతలు బిగించి లేచాడు.

"ఏమన్న మార్చిండ్రా సార్?"

భానుమూర్తిగారు పెద్దల వైపు చూశారు. "ఏమీ మార్చలేదు. మొన్న తేలింది కదా, పద."

నోరుంటే అరిచేదాన్ని. చెరువు నడిమికి చేరేసరికి నీళ్లు అంచు దాటి లోపలికి వచ్చిపడ్డాయి. తోడే పంపు చేతులెత్తేసింది. పోశెట్టి పైతలుపు తోసుకుని బయటపడ్డాడు గానీ, కుడిచేయి దాని కింద నలిగిపోయింది.

నన్ను గొలుసులతో గట్టుకు లాగారు. "మూతలు సరిగ్గా బిగించలేదేమో" అన్నారు భానుమూర్తిగారు, ఎవరూ అడక్కముందే. ఆ మాట అందరికీ సుఖంగా ఉంది. పోశెట్టి ఉద్యోగం ఊడింది, నేను తుక్కులో చేరాను. ఆయన మాత్రం కొత్త బండి గీస్తున్నారట. నన్ను కన్న మనిషి మీద నాకు ఇంత కోపం వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

మొన్న పోశెట్టి కాపలావాణ్ణి బతిమాలుకుని నా దగ్గరికి వచ్చాడు. వంగి, ఎడమచేత్తో నా అడుగున మూతల కోసం తడిమాడు. లోపలి నీళ్లు వదలడానికి వాటిని ఏనాడో విప్పేశారు. లేచి, నా ఉక్కు పలకకు నుదురు ఆనించాడు.

"మంచిగనే బిగిచ్చిన అనుకున్ననే," అన్నాడు ఏడుస్తూ. "నా చెయ్యే నిన్ను మోసం జేసింది. మాఫ్ జెయ్యి."