వంతెన అవతలి పూలు

అప్పటికి పెళ్లై ఇరవై రోజులైంది. పొద్దున లేవగానే గుమ్మం దగ్గర రెండు జతల చెప్పులు పక్కపక్కన కనిపిస్తే చాలు, నాకు నవ్వొచ్చేది. మా ఆయన కోహెయ్ గిన్నెలు కడుగుతూ ఈల వేస్తే ఆ ఈల కూడా నా సొంతమే అనిపించేది. ఆ సంతోషమే జోజాన్ అక్క కొంప ముంచింది.

అక్క మా పై వాటాలో ఉండే కుర్దు మనిషి. సొంత దేశంలో బతకలేక టోక్యో పక్కనున్న మా కవాగుచికి వచ్చి పదకొండేళ్లు. ఆశ్రయం కోసం రెండుసార్లు అర్జీ పెడితే రెండుసార్లూ కాదన్నారు. మూడోది నడుస్తోంది. మునుపు అర్జీ నడుస్తున్నంత కాలం ఎవరినీ పంపేసేవారు కారు. కొత్త చట్టం వచ్చాక, గట్టి ఆధారం చూపకపోతే, మూడో అర్జీకి ఆ రక్షణ లేదు; ఏ రోజైనా విమానం ఎక్కించవచ్చు. అందాకా నిర్బంధంలో పెట్టకుండా ఇంట్లో ఉండనివ్వాలంటే ఆమెకు ఒక పర్యవేక్షకురాలు కావాలి. ఇమ్మిగ్రేషన్ ఆఫీసు అడిగినప్పుడల్లా ఆమె ఎలా ఉంటోందో రాసివ్వాలి. ఆ సంతకం నేనే చేశాను.

నా పెళ్లి ముసుగు అంచుకు సూదితో చిట్టిచిట్టి లేసు పూలు అల్లింది అక్కే. పెళ్లికి మాత్రం రాలేకపోయింది. హాలు నదికి అవతల, టోక్యోలో. అనుమతి కాగితం లేకుండా ఆమె మా జిల్లా హద్దైన ఆ నది వంతెన దాటకూడదు.

ఒక ఆదివారం ఇద్దరం గట్టు మీద నడుస్తున్నాం. అవతలి ఒడ్డున చెర్రీలు విరగబూశాయి.

"అక్కా, అటు పోదాం రా!"

"వంతెన దాటితే నా తాట తీస్తారే."

"పది నిమిషాలు. ఎవరు చూస్తారు?"

"నువ్వు చూస్తావుగా! నా కాపలాదారువి నువ్వే కదా."

పగలబడి నవ్వాను. చెయ్యి పట్టి లాగాను. "కొత్త పెళ్లికూతురితో నాకెందుకు గొడవ" అంటూ కదిలింది. చెట్ల కింద కూర్చుని దాంగో అనే మూడు రంగుల బియ్యప్పిండి ఉండలు తిన్నాం. ఆమె జుట్టులో పూరేకు చిక్కుకుంటే ఫొటో తీశాను.

ఆ వారమే ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నాలుగు ప్రశ్నలు. నేను రెండు పేజీలు నింపాను. ఈమె ఎంత మంచిదో అక్కడి గుమాస్తాకు తెలియాలనుకున్నాను. లేసు పూల గురించి రాశాను, దాంగో గురించి రాశాను, ఫొటో అంటించాను.

"అడిగినదానికి జవాబు రాస్తే చాలదా?" అన్నాడు కోహెయ్. "నా గురించి ఎప్పుడైనా రెండు పేజీలు రాశావా?"

"కుళ్లుకోకు" అని కవరు అతికించేశాను. వంతెన గుర్తుంది. కానీ మంచి నడకగా గుర్తుంది, తప్పుగా కాదు.

నాలుగో రోజు గుమాస్తా నుంచి ఫోను.

"ఫొటోలో వెనక పడవల రేవు బోర్డు కనిపిస్తోందండి. అది అవతలి గట్టు కదండీ?"

"అవునండి. నేనే తీసుకెళ్లాను."

"అలాగా అండి. ఆపవలసింది మీరే కదండీ."

అక్కను పిలిపించారు. చిన్న సంచి సర్దుకుని వచ్చింది. తప్పంతా నాదేనని ఉత్తరం రాసుకొచ్చాను. గుమాస్తా దాన్ని రెండు చేతులతో అందుకుని, వంగి నమస్కరించి, ఫైల్లో పెట్టాడు. అక్క లోపలికి వెళ్లింది. సాయంత్రమైనా తలుపు తెరుచుకోలేదు.

వారం తర్వాత టోక్యో నిర్బంధ కేంద్రంలో ఆమెను అద్దం అవతల చూశాను.

"సూది తీసేసుకున్నారే" అంది అక్క. "చేతులు ఊరికే ఉండనంటున్నాయి."

"నన్ను తిట్టక్కా."

"ఏమని తిట్టను? మీ జపనీసు భాషలో ఒక్క మంచి తిట్టు లేదు. అందరూ మర్యాదస్తులే." ఖాళీ వేళ్లు ముడేసుకుంది. "విమానం ఎప్పుడో చెప్పలేదు. అవతల పూలు ఇంకా ఉన్నాయా?"

"రాలిపోయాయి."

నిజమే చెప్పాను. అప్పుడు కూడా.

తిరుగు రైలు వంతెన దాటడానికి నిమిషం పట్టలేదు. నన్నెవరూ కాగితం అడగలేదు. ఇంట్లో కోహెయ్ గిన్నెలు కడుగుతూ ఈల వేస్తున్నాడు. ఆపమన్నాను.