కప్పు మీద చుక్క

కిటికీలోంచి ఎండ వాలుగా పడుతోంది. ఎండలో దుమ్ము తేలుతోంది...

పిన్ని కుంచె పక్కన పెట్టి దాన్నే చూస్తోంది. ఆఫీసులో అందరికీ ఆవిడ పిన్నే. దుమ్ము పుణ్యమా అని ఇన్నేళ్లు తిండి తిన్నది.

ఆకాశం నుంచి ఫోటోలు తీసే కంపెనీ అది.

మొదట్లో ఒక్కటే విమానం. దాని అడుగున కంత కోసి కెమెరా బిగించారు. నడిపేది కంపెనీ పెట్టిన పెద్దాయన. మీట నొక్కేదీ ఆయనే. కింద ఎవరి ఇల్లు కనిపిస్తే వాళ్ల ఇల్లు తీసేవాడు. తర్వాత ఆయన బావమరిది ఆ ఫోటోలకు ఫ్రేములు కట్టించుకుని గడప గడపా తిరిగేవాడు.

"దేవుడికి మీ ఇల్లు ఎలా కనిపిస్తుందో చూసుకోండి" అనేవాడు.

జనం ఎగబడి కొనేవాళ్లు.

ఫిల్ము మీద దుమ్ము పడితే కాగితం మీద తెల్ల చుక్క వచ్చేది. ఆ చుక్కల మీద బూడిదరంగు అద్ది కనపడకుండా చెయ్యడమే పిన్ని పని.

"ఇంటి కప్పు మీద చుక్క ఉందా — ఆలోచించకమ్మా, దుమ్మే" అన్నాడు పెద్దాయన.

ఆలోచించలేదు. అంత ఎత్తు నుంచి మనిషి కూడా చుక్కంతే ఉంటాడని తెలుసు. తెలిసే అద్దింది. చెయ్యి తిరిగిపోయింది.

తర్వాత రోడ్ల సర్వేలు వచ్చాయి, క్వారీల సర్వేలు వచ్చాయి. పెద్ద విమానం వచ్చింది. పెద్దాయన పోయాడు. పాత ఫిల్ములన్నీ ఫిల్ము కరిగించి అందులోని వెండి తీసేవాడికి తూకానికి వెళ్లిపోయాయి. ఇప్పుడు ఆయన మనవడు పళ్లెమంత డ్రోను ఎగరేస్తున్నాడు. పిన్నికి మాత్రం మూల గదిలో కుర్చీ ఉంచాడు, మొహమాటానికి.

ఆ గదిలోకే ఇవాళ టైలరొకాయన వచ్చాడు. చంకలో ఫ్రేము... పాత ఇల్లు, డాబా, బట్టలారేసిన తాడు.

"ఇందులో మా అమ్మ ఉంది పిన్నిగారూ. డాబా మీద నిలబడి విమానానికి చెయ్యూపిందట. మేమెవ్వరం నమ్మలేదు. కోతలు కోస్తోందని ఒకటే ఏడిపించేవాళ్లం. నెల క్రితం పోయింది. పోయేముందు కూడా అదే మాట. ఎక్కడుందో కాస్త చూపించండి."

ఫోటోలో డాబా ఖాళీగా ఉంది.

పిన్ని ఫ్రేము విప్పి కాగితాన్ని ఎండకు ఓరగా పట్టింది. తాడు పక్కన ఒక మెరుపు. పిట్టగోడ దగ్గర ఇంకొకటి. రంగు ఆరిన మెరుపు... తన చేతి పనే.

తల కొట్టేసినట్టయింది.

దూది తడిపి, మెల్లగా అద్దింది.

"మసి పట్టిందా?" అన్నాడు ఆయన.

"ఊఁ" అంది పిన్ని. నేనే కప్పేశాను బాబూ — అనాలనుకుంది. మొహం చెల్లక తల దించుకునే తుడిచింది.

బూడిదరంగు కొంచెం కొంచెంగా లేచింది.

తాడు పక్కన తెల్ల చుక్క.

పిట్టగోడ దగ్గర తెల్ల చుక్క.

ఒకటి ఆయన తల్లి కావచ్చు. రెండూ దుమ్మే కావచ్చు. ఏది ఏదో చెప్పగలిగిన ఫిల్ము ఎప్పుడో కరిగిపోయింది.

"ఏది పిన్నిగారూ?"

ఆయన ఫోటో మీదికి వంగాడు. పిన్ని వేలు తనంతట తానే తాడు వైపు వెళ్లింది.

ఆయన ఆ చుక్కను చాలాసేపు చూశాడు. నవ్వాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"మా అమ్మ అబద్ధం చెప్పలేదు" అన్నాడు.

పిన్నికి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. ఆయన చేతులు జోడించి దండం పెడుతుంటే ఎటు చూడాలో తెలియలేదు.

"మరి ఇది?" పిట్టగోడ దగ్గర వేలు పెట్టాడు.

"దుమ్ము."

"అయితే దాన్ని తీసెయ్యండి. అమ్మ ఒక్కతే కనపడాలి."

పిన్ని కుంచె తీసింది. అలవాటుగా రంగులో ముంచింది, మొన సన్నం చేసింది. పిట్టగోడ మీదికి వంగింది.

చుక్క తెల్లగా ఉంది. చెయ్యెత్తినట్టూ ఉంది... ఎత్తనట్టూ ఉంది.

"కానివ్వండి పిన్నిగారూ" అన్నాడు ఆయన మెత్తగా.

కుంచె మొన చుక్క మీద ఆగింది. కిటికీలోంచి ఎండ వాలుగా పడుతోంది.

ఎండలో దుమ్ము తేలుతోంది...